కొండ అంచున ఓ సంతకం

మా డాబా మీద నీళ్ల ట్యాంకు కడగాలంటే ఇప్పటికీ పక్కింటి కుర్రాణ్ని పిలుస్తాం. ఉన్నది ఎనిమిది మెట్ల ఇనుప నిచ్చెన. అది ఎక్కడానికే నాకు కాళ్లు వణుకుతాయి. తిరుమల వెళ్తే ఘాట్ రోడ్డులో కిటికీ పక్క సీటు ఎప్పుడూ మా ఆవిడదే. నేను ఇవతల కూర్చుని, ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని గోవిందనామాలు చదువుకుంటూ ఉంటా. అదంతా భక్తి అనుకుని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అసలు సంగతి మా ఇంట్లోవాళ్లకే తెలుసు.

అలాంటి నేను, యాభై ఆరేళ్ల వయసులో, కిందటి దసరా సెలవుల్లో హిమాచల్‌ప్రదేశ్‌లో ఓ కొండ అంచు మీంచి పరిగెత్తాను. ఎదురుగా లోయ. వీపు వెనక అరగంట కిందటే పరిచయమైన ఓ కుర్రాడు. అతని వెనక గడ్డిలో పరిచిన ఓ గుడ్డ. అంతే!

దీనికంతటికీ కారణం మా అమ్మాయి. ఇంకా వెనక్కి వెళ్తే, ఓ కాగితం.

నాలుగు రోజులు బ్యాగులో...

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఎన్‌సీసీలో చేరింది. ఓరోజు కాలేజీ నుంచి ఓ కాగితం తెచ్చింది. క్యాంపులో పారాసెయిలింగ్ ఉంటుందట. జీపుకి తాడు కట్టి లాగుతూ పారాచూట్‌తో మనిషిని గాల్లోకి లేపుతారు. మా పిల్లను పంపడానికి అభ్యంతరం లేదని ఇంట్లోవాళ్లు సంతకం పెట్టాలి. ‘చూస్తాన్లే’ అని కాగితం మడిచి బ్యాగులో పెట్టుకున్నా. నాలుగు రోజులు ఆ బ్యాగు బడికీ ఇంటికీ తిరిగింది. ఐదోరోజు తనే వచ్చి, ‘గడువు అయిపోయింది నాన్నా, ఇక అక్కర్లేదు’ అని కాగితం తీసుకుని వెళ్లిపోయింది. వద్దు అని కూడా అనలేదు నేను. అన్నా బాగుండేది. కనీసం పోట్లాడేది.

ఆ తర్వాత మా అమ్మాయి నన్ను ఏ కాగితం మీదా సంతకం అడగలేదు. హాస్టల్ ఫారాలకు వాళ్లమ్మ దగ్గరికి వెళ్లేది. ఇంజినీరింగ్ అయింది, బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మామధ్య గొడవలేమీ లేవు. ఫోన్ చేస్తే తిన్నావా, తిన్నాను. వానలెలా ఉన్నాయి, బాగున్నాయి. అంతవరకే.

ఆగస్టులో ఓ ఆదివారం ఫోన్ చేసి, ‘నాన్నా, దసరాకి బీర్ బిల్లింగ్ వెళ్దామా, ముగ్గురం?’ అంది. ఒట్టేసి చెబుతున్నా, అదేదో బార్ పేరనుకున్నా! కాదట. బీర్ ఓ ఊరు, బిల్లింగ్ దానిపైన ఉన్న కొండ. కాంగ్రా జిల్లాలో, ధౌలాధార్ పర్వతాల ఒడిలో ఉన్నాయి. అక్కడివాళ్లు ‘బీడ్’ అని పలుకుతారు. 2015లో మనదేశంలో మొట్టమొదటిసారి పారాగ్లైడింగ్ ప్రపంచకప్ పోటీలు జరిగింది అక్కడే. 2024 నవంబరులో మళ్లీ జరిగాయి. మనలాంటివాళ్లకు టాండెమ్ ఉంటుంది. అంటే ఒకే రెక్క కింద ఇద్దరు. వెనక పైలెట్, ముందు మనం. ‘నీకు నచ్చకపోతే కింద కూర్చుని చూడొచ్చు’ అంది. ‘కూర్చుని చూడొచ్చు’ అన్నమాట మాత్రం ఎక్కడో గుచ్చుకుంది.

సరే అన్నాను. అన్న రాత్రే పాత వార్త ఒకటి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. 2024 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలో, కులూ దగ్గర, టాండెమ్‌లో ఎగిరిన ఓ తెలుగమ్మాయి కింద పడి చనిపోయింది. ఆమెకు కట్టాల్సిన బెల్టులు సరిగ్గా చూసుకోలేదని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు ‘చూశావా, అందుకే...’ అని మా ఆవిడతో అన్నది కూడా నేనే.

రావణుణ్ని కాల్చని ఊరు

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రైలు. మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చి అక్కడ కలిసింది. అక్కణ్నుంచి రాత్రి బస్సులో దాదాపు పన్నెండు గంటలు. పఠాన్‌కోట్ నుంచి జోగీందర్‌నగర్ దాకా 164 కిలోమీటర్లు వెళ్లే బుల్లి రైలు మార్గం ఒకటుంది, 1929 నాటిది. దాంట్లో వెళ్లాలని నాకు చాలా ఆశ. కానీ 2022 ఆగస్టు వరదల్లో పఠాన్‌కోట్ దగ్గర చక్కీ నది మీద వంతెన కూలిన సంగతి తెలిసి, దాన్ని నమ్ముకోకుండా బస్సే ఎక్కాం. తెల్లవారుజామున కొండలు మొదలయ్యాయి. నేను యథాప్రకారం ఇవతలి సీట్లో, కళ్లు మూసుకుని.

బీర్‌కు దగ్గర్లోనే బైజ్‌నాథ్ ఉంది. 1204లో కట్టిన శివాలయం. వైద్యనాథుడే వాళ్ల వాడుకలో బైజ్‌నాథ్ అయ్యాడు. రాతి గోపురం, గోడల నిండా శిల్పాలు, వెనక మంచుకొండలు. మేం వెళ్లింది దసరా ముందురోజు. దేశమంతా రావణుడి బొమ్మలకు టపాసులు కూరుతుంటే ఇక్కడ ఆ సందడే లేదు. రావణుడు శివుడి కోసం తపస్సు చేసింది ఇక్కడేనని ఊరివాళ్ల నమ్మకం. స్వామి ఎదుట స్వామి భక్తుణ్ని కాలుస్తామా అంటారు. అందుకే బైజ్‌నాథ్‌లో రావణదహనం ఉండదు. మా ఆవిడకు ఇది బాగా నచ్చింది. ‘ఒక్క తప్పుకే ఏటా కాల్చక్కర్లేదు కదండీ’ అంది. ఎవరి గురించి అందో నేను అడగలేదు.

మర్నాడు ఉదయం ఆఫీసులో ఒక్కొక్కరికీ ఓ ఫారం ఇచ్చారు. పేరు, వయసు, బరువు. గుండెజబ్బు ఉందా, ఆపరేషన్లు అయ్యాయా, వెన్నునొప్పి ఉందా. నా ఇష్టప్రకారమే ఎగురుతున్నాను, ప్రమాదం ఉండొచ్చని నాకు తెలుసు అని ఓ వాక్యం. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని ఓ గడి. ఆఖరున సంతకం. మైనర్లయితే తల్లిదండ్రుల సంతకం అని పక్కన ఇంకో గీత. మా అమ్మాయి చకచకా నింపి, సంతకం పెట్టి, పెన్ను నా చేతికిచ్చింది. ఏమీ అనలేదు. నేను ఆ ఇంకో గీత వైపే కాసేపు చూస్తూ ఉండిపోయాను. తర్వాత నాది నింపాను. బరువు 72 కిలోలు. ఫోన్ గడిలో ఇద్దరం మా ఆవిడ నంబరే రాశాం. మనిషికి మూడువేల చొప్పున కట్టాం. మా ఆవిడ ఎగరనంది. దిగే మైదానం దగ్గర శాలువా కప్పుకుని కూర్చుంటానంది.

కొండ మీద గాలి కోసం

బీర్ నుంచి బిల్లింగ్‌కు 14 కిలోమీటర్లు. జీపు టాపు మీద దొంతరగా సంచులు. పెద్ద పరుపు చుట్టల్లా ఉన్నాయి. అవే రెక్కలు! దేవదారు చెట్ల మధ్య మెలికల దారి. ఒకపక్క కొండ, ఒకపక్క ఏమీ లేదు. జీపులో కుర్రాళ్లు పాటలు పెట్టుకుని, వాటితో పాటు గొంతు కలిపి అరుస్తున్నారు. నిజం చెప్పాలంటే ఆ రోజంతటిలో నేను ఎక్కువ భయపడింది ఆ జీపులోనే.

బిల్లింగ్ సముద్రమట్టానికి దాదాపు 2400 మీటర్ల ఎత్తు. దిగే మైదానం సుమారు వెయ్యి మీటర్లు కిందుంటుంది. అంటే ఎగిరి దిగాల్సింది మన తిరుమల ఎత్తుకంటే ఎక్కువే. పైన గడ్డి మైదానం ఓ వాలుగా జారి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. దానికి ఇవతల టీ బడ్డీలు, మ్యాగీ కాగుతున్న గిన్నెలు, టిబెటన్ల రంగురంగుల జెండాల తోరణాలు. అటు చూస్తే ధౌలాధార్ శిఖరాలు, ఇటు చూస్తే పొలాలు, తేయాకు తోటలు, చిన్నచిన్న ఇళ్లు. కర్ర చివర కట్టిన గుడ్డ గొట్టం గాలి ఎటు వీస్తోందో చెబుతుంది. పైలెట్లందరి కళ్లూ దాని మీదే. కిందినుంచి కొండ మీదికి, ఎదురుగా, నిలకడగా వీస్తేనే ఎగురుతారు. వెనకనుంచి వస్తే టీ తాగుతూ కూర్చుంటారు. మేం గంటసేపు కూర్చున్నాం.

నా పైలెట్‌కు పాతికేళ్లుంటాయి. ఆ పక్క ఊరే. వాళ్ల తాత ఈ కొండల్లోనే గొర్రెలు మేపేవాడట. గద్దీలంటారు వాళ్లను. ఎండాకాలం మందలు తోలుకుని కనుమలు దాటి వెళ్లి, చలి మొదలవగానే దిగొస్తారు. ‘తాత నడిచిన కొండల మీదే నేను ఎగురుతున్నా అంకుల్‌జీ’ అన్నాడు. మీ అమ్మ ఏమంటుంది అనడిగా. ఎన్నేళ్లయినా వాళ్లమ్మ అతను పనికెళ్లినప్పుడు ఆకాశం వైపు చూడదట. దిగిన ప్రతిసారీ ఓ మిస్డ్ కాల్ ఇవ్వాలట. రోజుకు నాలుగైదు ట్రిప్పులుంటే నాలుగైదు మిస్డ్ కాల్స్! నాకు ఆ తల్లి కాళ్లకు దణ్నం పెట్టాలనిపించింది.

ఆ గంటలో నా మాస్టారు బుద్ధి నిద్ర లేచింది. బళ్లో నేను చెప్పేది ఫిజికల్ సైన్సే. ఈ రెక్కలో కర్ర లేదు, ఇనుము లేదు, ఉన్నదల్లా పల్చటి నైలాన్ గుడ్డ. పైన ఓ పొర, కింద ఓ పొర, మధ్యలో వరసగా గదులు. ముందు అంచున గదుల నోళ్లు తెరిచి ఉంటాయి. పరిగెడితే గాలి లోపలికి దూరి, గదులు ఉబ్బి, గుడ్డ కాస్తా రెక్క అవుతుంది. కదులుతున్నంతసేపూ రెక్క. గాలి పోతే మళ్లీ గుడ్డే. అందుకే పరుగు అంత ముఖ్యం. ఎక్కడా పైకి లేపే గాలి దొరకకపోయినా అది రాయిలా పడిపోదు. ఒక మీటరు కిందికి దిగేలోపు ఎనిమిది తొమ్మిది మీటర్లు ముందుకు జారుతుంది. వేగం గంటకు 35-40 కిలోమీటర్లు, మా ఊళ్లో బైకు మీద వెళ్లినట్టే. రెండు చేతుల్లో రెండు బ్రేకు తాళ్లు. కుడిది లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకి.

1978లో ఫ్రాన్స్‌లో మియెసీ అనే కొండ ఊళ్లో ముగ్గురు మిత్రులకు ఓ ఆలోచన వచ్చింది. విమానం మీంచి దూకడానికి బోలెడు ఖర్చు, కొండ మీంచి పరిగెత్తితే పోలా అనుకుని పారాచూట్లు వేసుకుని వాలు మీద పరిగెత్తారు. ఈ ఆట ఊపందుకుంది అక్కణ్నుంచే. డబ్బు లేకపోవడం వల్ల పుట్టిన ఆట అని తెలిశాక దానిమీద నాకు కాస్త గౌరవం కలిగింది.

గాలి కుదిరింది. మా అమ్మాయి పేరు పిలిచారు.

తను హెల్మెట్ పెట్టుకుని, కుర్చీలాంటి ఆ జీను తగిలించుకుని నిలబడింది. నేను దగ్గరికి వెళ్లా. రెండు తొడల దగ్గర రెండు బకిల్స్, ఛాతీ దగ్గర ఒకటి. ఒక్కొక్కటీ పట్టుకుని లాగి చూశా. భుజాల పక్కన పైలెట్ రెక్కకు కలిపే రెండు ఇనుప కొక్కేలు, వాటి మూతలు బిగిశాయా లేదా చూశా. వాళ్ల పైలెట్ నవ్వాడే గానీ విసుక్కోలేదు. ‘చూడండి సార్, అందరూ చూస్తే మంచిదే’ అన్నాడు. మీరెవరైనా వెళ్తే సిగ్గుపడకుండా మీరూ లాగి చూడండి. పైలెట్‌కు పర్యాటక శాఖ రిజిస్ట్రేషన్ ఉందేమో అడగండి. వానాకాలంలో జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఆ రాష్ట్రంలో ఎగరడం నిషేధం. ఆ రోజుల్లో ఎవరైనా తీసుకెళ్తామంటే వెనక్కి తిరిగి వచ్చెయ్యండి. నేను బకిల్స్ చూస్తున్నంతసేపూ మా అమ్మాయి చేతులు పైకెత్తి నిలబడింది. ఒకటో తరగతిలో యూనిఫాం తొడిగేటప్పుడు అలాగే నిలబడేది.

‘వెళ్లొస్తా నాన్నా’ అంది.

నాలుగడుగులు, ఐదు, ఆరు. వెనక రెక్క నిటారుగా లేచింది. వాలు అంచు దాటాక ఒక్క క్షణం ఇద్దరూ కిందికి మాయమయ్యారు. ఆ క్షణం ఎంతసేపుందో నేను చెప్పలేను. తర్వాత నారింజ రంగు రెక్క అంచు కనిపించింది, దాని కింద రెండు తలలు, తర్వాత ఊగుతున్న మా అమ్మాయి కాళ్లు. అరుస్తోంది. ఏడుస్తోందేమో అనుకున్నా. కాదు, నవ్వుతోంది.

దౌడో... దౌడో!

‘అంకుల్‌జీ, ఒకటే మాట. నేను దౌడో అంటే పరిగెత్తాలి. కూర్చోకూడదు, దూకకూడదు. గాల్లో కూడా నేను చెప్పేదాకా పరిగెడుతూనే ఉండాలి’ అన్నాడు మా పైలెట్. అర్థమైంది అన్నాను. నలభై మంది పిల్లలకు రోజూ అర్థమైందా అని అడిగేవాణ్ని, నాకర్థం కాదా!

‘దౌడో!’

రెండడుగులు వేశాను. వెనక రెక్క లేస్తుంటే ఎవరో భుజాలు పట్టుకుని వెనక్కి గుంజినట్టయింది. ఎదురుగా వాలు అంచు. నా ప్రమేయం లేకుండానే కాళ్లు ఆగిపోయాయి. అంతటితో ఆగక చక్కగా చతికిలబడ్డాను. నా మీద పైలెట్, మా పక్కన మెల్లగా కూలిన గుడ్డ. టీ బడ్డీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగింది.

లేచి నిలబడ్డాను. అప్పుడు చాలా తేలిగ్గా ఓ మాట అనేయొచ్చు. మోకాలు నొప్పి, వద్దు. ఎవరూ తప్పు పట్టరు. జీపులో దిగి వెళ్లిపోవచ్చు. మా అమ్మాయి కూడా ఏమీ అనదు. నాకు భయం వేసింది సరిగ్గా అక్కడే. తను ఏమీ అనదు. ‘సరే నాన్నా’ అంటుంది, అప్పట్లో కాగితం తీసుకెళ్లినట్టే.

పైలెట్ తాళ్ల చిక్కులు తీస్తూ, ‘భయం ఉండనివ్వండి అంకుల్‌జీ, నాకూ మొదట్లో ఉండేది. కాళ్లు మాత్రం ఆపొద్దు’ అన్నాడు. ఇంకో కుర్రాడు వచ్చి నా ముందు నిలబడి జీను పట్టీలు పట్టుకున్నాడు, లాక్కెళ్లడానికి. బకిల్స్ మళ్లీ చూసుకున్నా. మూడూ ఉన్నాయి.

‘దౌడో... దౌడో... దౌడో!’

ఈసారి అంచు వైపు చూడలేదు. ఎదురుగా కొండ మీద ఓ తెల్ల గుడి ఉంది, దాన్ని చూస్తూ పరిగెత్తా. ముందున్న కుర్రాడు పక్కకు తప్పుకోవడం తెలిసింది. వెనక గుంజుడు తెలిసింది. ఇంకో అడుగు వేశా. గడ్డి తగిలింది. ఇంకోటి వేశా. ఏమీ తగల్లేదు. ఇంకోటి... ‘బస్, అంకుల్‌జీ, బస్!’ అంటున్నాడు వెనకనుంచి. నేను గాల్లో పరిగెడుతూనే ఉన్నా!

ఎవరూ నాకు ముందు చెప్పని విషయం ఒకటుంది. ఎత్తు అంటే నాకు భయమే కదా, గాల్లో ఆ భయం రాలేదు. డాబా అంచున నిలబడితే గోడ కిందిదాకా కనిపిస్తుంది. ఎంత ఎత్తో ఆ గోడే కొలిచి చూపిస్తుంది. ఇక్కడ గోడ లేదు. కింద దేవదారు చెట్లు కొత్తిమీర కట్టల్లా ఉన్నాయి, అంతే. కుర్చీలో కూర్చున్నట్టుంది. మొహానికి చల్లగాలి. ఇంజను లేదు కాబట్టి మోత లేదు, తాళ్ల మధ్య గాలి ఈల మాత్రం వినిపిస్తోంది. నా చేతులు మాత్రం పట్టీలను వదల్లేదు. అవి నా మాట నమ్మలేదు.

పైలెట్ దగ్గర చిన్న యంత్రం ఒకటి కీచుకీచుమంటోంది. ఎక్కుతుంటే చకచకా కూస్తుంది, దిగుతుంటే గొంతు మారుస్తుంది. ‘థర్మల్ దొరికింది’ అన్నాడు. ఎండకు వేడెక్కిన కొండవాలు మీంచి వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలి స్తంభం లోపలే గిరగిరా తిరుగుతూ ఉంటే అదే మనల్ని ఎత్తుకుపోతుంది. వేడిగాలి తేలిక, పైకి పోతుంది... ఎన్నేళ్లుగా బోర్డు మీద బాణం గుర్తులు వేసి చెప్పానో! ఆ బాణం గుర్తు మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. మేం బయల్దేరిన మైదానం మా కిందికి వెళ్లిపోయింది. టీ బడ్డీ అగ్గిపెట్టంత అయింది.

అప్పుడొచ్చింది అది. ముందు నీడ కనిపించింది, తర్వాత మా కుడిపక్కనే, పాతిక ముప్పై అడుగుల దూరంలో, ఓ పెద్ద రాబందు. రెక్క ఆడించడం లేదు. రెక్క కొసన ఈకలు మాత్రం వేళ్లలా విచ్చుకుని గాలిని తడుముతున్నాయి. మెడ తిప్పి మమ్మల్ని చూసింది. ‘వీటి వెనకే వెళ్తాం అంకుల్‌జీ, గాలి ఎక్కడుందో మాకంటే వీటికే బాగా తెలుసు’ అన్నాడు పైలెట్.

చిన్నప్పుడు మా ఊరి చివర, చచ్చిన పశువుల్ని పడేసే చోట రాబందులు గుంపులుగా వాలేవి. అసహ్యించుకునేవాళ్లం, రాళ్లు వేసేవాళ్లం. నేను ఉద్యోగంలో చేరేనాటికి అవి లేవు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వాటి కళేబరాల ద్వారా రాబందుల కిడ్నీలు పాడుచేసిందని తర్వాత తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. కానీ మా ఊరికి అవి తిరిగిరాలేదు. మా అమ్మాయి రాబందును బొమ్మల్లోనే చూసింది. ఇవి హిమాలయాల రాబందులు, మా ఊరివాటికి దాయాదులు. నేల మీద వికారంగా గెంతే ఆ పక్షి గాల్లో ఇంత అందంగా ఉంటుందని, దాని పక్కసీట్లో కూర్చుంటే గానీ నాకు తెలియలేదు.

నాలుగైదు చుట్లు తిరిగాక కడుపులో తిప్పడం మొదలైంది. పొద్దున తిన్న ఆలూ పరాఠా గుర్తొచ్చింది. చాలు బాబూ అన్నాను. అతను తిరగడం ఆపి నేరుగా లోయ మీదికి తీశాడు. దూరంగా, మాకంటే కింద, నారింజ రంగు రెక్క కనిపించింది. మా అమ్మాయి! పేరు పెట్టి గట్టిగా పిలిచాను. వినపడే దూరం కాదు. అయినా పిలిచాను, రెండుసార్లు. నా చెయ్యి పట్టీని ఎప్పుడు వదిలిందో తెలియదు, చూస్తే ఊపుతోంది.

దిగడం తేలికే. మెట్లమెట్ల పొలాలు, టిబెటన్ గుడి బంగారు కప్పు, ఇళ్ల మీద ఎండబెట్టిన మొక్కజొన్నలు... అన్నీ పెద్దవవుతూ వచ్చాయి. ‘కాళ్లు పైకెత్తండి’ అన్నాడు. ఆఖరి క్షణంలో బ్రేకులు రెండూ కిందికి లాగేసరికి రెక్క గాల్లో ఆగినట్టయి, మేం గడ్డిలో కూర్చున్నాం. మొత్తం ఇరవై నిమిషాలు కూడా కాలేదట. పైలెట్ ముందు జేబులోంచి ఫోన్ తీసి, ఓ మిస్డ్ కాల్ ఇచ్చాడు.

మా ఆవిడ శాలువా ఈడ్చుకుంటూ వచ్చింది. ఆకాశంలో ఉన్న ప్రతి రెక్కనూ లెక్కపెట్టిందట. ‘అక్కడైనా కళ్లు తెరిచారా?’ అంది. తెరిచాను అని చెప్పి, చిరిగిన ప్యాంటు చూపించి, మొదటి ప్రయత్నం సంగతి కూడా చెప్పేశా. అప్పటికే అక్కడికొచ్చిన మా అమ్మాయి మోకాలి మీద గీరుకున్నచోట చూసి, తన బాటిల్లో నీళ్లతో కడిగింది.

సాయంత్రం టిబెటన్ కాలనీలో కూర్చున్నాం. 1960ల్లో తమ దేశం వదిలి కొండలు దాటొచ్చిన శరణార్థుల కోసం ఏర్పడిన ఊరది. ఇక్కడి చోక్లింగ్ మఠంలోనే 1999లో వచ్చిన ‘ద కప్’ సినిమా తీశారు, ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న బుల్లి సన్యాసుల కథ. ఇప్పటికీ మఠం ముందు ఎర్రబట్టల పిల్లలు బంతి తన్నుతూనే ఉన్నారు. మా ఆవిడ వేడివేడి థుక్పా తాగుతూ, మన రసంలో సేమ్యా వేస్తే ఇలాగే ఉంటుంది అని తేల్చేసింది. వీధి చివర్లో ఆకాశంలో ఇంకా రెండు రెక్కలు తిరుగుతున్నాయి.

మా అమ్మాయి సంచిలోంచి ఓ కాగితం తీసి బల్లమీద పెట్టింది. ఒంటరిగా ఎగరడం నేర్పే కోర్సు ఉందట అక్కడ. ముందు చిన్న గుట్టల మీద సాధన, తర్వాత బిల్లింగ్. మార్చిలో సెలవు పెట్టి వస్తానంది. కాగితం అటూఇటూ తిప్పి చూశా. తల్లిదండ్రుల సంతకం అని ఎక్కడా లేదు. ఉండదు కదా, తనకు పాతికేళ్లు.

‘ఈ గడిలో నీ నంబరు రాస్తున్నా నాన్నా’ అంది. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అని ఉన్న గడి. ‘దిగిన ప్రతిసారీ మిస్డ్ కాల్ ఇస్తావా?’ అన్నాను. ఇస్తానంది. కాగితం వెనక్కిచ్చి, మీ కోర్సువాళ్లు రిజర్వు పారాచూట్‌ను ఎన్నాళ్లకోసారి విప్పి మళ్లీ మడతపెడతారో కనుక్కోమన్నాను.